మార్చి తర్వాత ఏప్రిల్ లేదు

పిల్లలకి డబ్బు జాగ్రత్త నేర్పే బాధ్యత నాకు అప్పగించారని చెప్పగానే మా ఆవిడ కనకవల్లి చేతిలో గరిటె పక్కన పెట్టి, నేలమీద కూర్చుని మరీ నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "సరిగ్గా విన్నారా? నేర్పమన్నారా, నేర్చుకోమన్నారా?" అంది.

ఆవిడ నవ్వులో అన్యాయమేమీ లేదు. నేను ముక్కామల శేషగిరిరావుని, జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ మాస్టారిని. ఇరవై రెండేళ్ల సర్వీసు. జీతం ఒకటో తారీఖున వస్తుంది, రెండో తారీఖున వెళ్లిపోతుంది. సొసైటీ లోను, పీఎఫ్ లోను, ఆవిడ గాజుల మీద లోను, ఆ మూడింటి వాయిదాలు కట్టడానికి తీసుకున్న నాలుగో లోను ఉన్నాయి. మూడేళ్ల క్రితం సగం ధరకే వస్తోందని నీళ్లు కాచే సోలారు యంత్రం కొన్నాను. మేముండేది అద్దె ఇల్లు. ఓనరు దాన్ని డాబా మీద పెట్టనివ్వలేదు. తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టు అప్పట్నుంచీ అది మా హాల్లో అడ్డంగా పడుకుని ఉంది. చుట్టాలొస్తే దానిమీదే కూర్చోబెడతాం.

మా హెడ్మాస్టరమ్మ హేమసుందరి గారికి ఇదంతా తెలుసు. నా లోన్ల కాగితాలన్నిటి మీదా సంతకం ఆవిడదే.

"అందుకే మిమ్మల్ని వేశాను శేషగిరి గారూ. మన లెక్కల మాస్టారికి అప్పంటే ఏమిటో తెలీదు. మీకున్న అనుభవం ఈ మండలంలో ఎవరికుంది?" అన్నారు.

పొగడ్తే కాబోలనుకుని థాంక్స్ కూడా చెప్పాను.

పథకం పేరు 'సంసార సన్నాహం'. తొమ్మిదో తరగతి పిల్లలు పెద్దయ్యాక ఇంటి ఖర్చులు ఎలా చూసుకోవాలో, పెద్ద వస్తువులు ఎలా కొనుక్కోవాలో ఇప్పుడే నేర్చుకోవాలి. డిసెంబరు నుంచి మార్చి దాకా నాలుగు నెలలు, ఒక్కొక్కరికి నెలకి ఇరవై వేలు కాగితపు జీతం ఇస్తాం. అద్దె, బియ్యం, గ్యాసు, కరెంటు, బస్సు చార్జీలు అన్నీ పిల్లలే లెక్క వేసుకుని కట్టాలి. చివర్లో సర్టిఫికెట్. అది లేని వాళ్ల పేరు పదో తరగతి పట్టీలోకి ఎక్కదు.

పేరు వినగానే ఇద్దరు ముగ్గురు తండ్రులు బడికి పరిగెత్తుకొచ్చి, "పద్నాలుగేళ్ల పిల్లలకి అప్పుడే సంసారం ఏంది సార్?" అని గొడవకి దిగారు. కాగితం మీదే అని చెప్పి పంపించాను. ఆలోచన మాత్రం నాకు నిజంగానే నచ్చింది. నా పద్నాలుగో ఏట ఎవరైనా ఈ ముక్క చెప్పి ఉంటే ఇవాళ మా చుట్టాలు కుర్చీల్లో కూర్చునేవాళ్లు.

శిక్షణకి జిల్లా కేంద్రానికి పిలిచారు. మూడు రోజులు. జిల్లా సంసార సన్నాహ పర్యవేక్షకులు జోగినాథం గారు పాఠం చెప్పారు. మనిషి మంచివాడే, మాట మాత్రం ఫైల్లోంచి వస్తుంది.

"వయోజన జీవితమనగా ఏమి? కేటాయించిన మొత్తమును నిర్దేశిత పద్దుల కింద, నిర్ణీత కాలములో, సంపూర్ణముగా వినియోగించుట. ఇందులో ఏ ఒక్కటి లోపించినా సదరు వ్యక్తి వయోజనుడు కాజాలడు" అన్నారు.

మా అందరికీ తలా ఒక నూట పద్నాలుగు పేజీల నియమావళి ఇచ్చారు. రెండో పేజీ నుంచే ఎక్కడో చదివినట్టు అనిపించింది. కొత్తగా రాయించడానికి వ్యవధి లేక, ప్రభుత్వ కార్యాలయాల ఖర్చుల నిబంధనల పుస్తకం తీసుకుని 'కార్యాలయము' అన్నచోటల్లా 'కుటుంబము' అని మార్చారని టీ విరామంలో ఒక గుమాస్తా చెప్పాడు. ఒకటి రెండు చోట్ల మార్చడం మరిచిపోయారు. అరవయ్యో పేజీలో కుటుంబానికి ఇద్దరు అటెండర్లు, ఒక నైట్ వాచ్‌మన్ ఉండాలని ఉంది.

నాకు సందేహాలు వచ్చాయి. కానీ భోజనాల్లో గుత్తివంకాయ పెట్టారు. అడగలేదు.

ఆ నియమావళితో మా తొమ్మిదో తరగతిలో ముప్పై ఎనిమిది సంసారాలు మొదలయ్యాయి. కాగితపు నోట్లు జిల్లా నుంచే అచ్చేసి, నంబర్లు వేసి, సీలు వేసి పంపారు. అవి పంచి లెక్క చూసే అధికారిని నేను. ఇరవై రెండేళ్లలో మొదటిసారి నా బీరువాలో డబ్బు నిలవుంది.

మొదటి చిక్కు టమాటాల దగ్గర వచ్చింది. వంద రూపాయలు దాటిన ఏ కొనుగోలుకైనా మూడు కొటేషన్లు తేవాలి. పిల్లలు సంతకి వెళ్లి కూరగాయలామె ముందు వరసగా నిలబడి, "కిలో ఎంతో కాగితం మీద రాసి సంతకం పెట్టమ్మా" అన్నారు. ఆమె మొదటి రోజు రాసింది. రెండో రోజు తక్కెడ తీసుకుని వెంటపడింది. మూడు ధరలూ పట్టిక వేసి, హెడ్మాస్టరమ్మ ఆమోదం పొంది, కొనుగోలు ఉత్తర్వు జారీ చేసేసరికి తొమ్మిది రోజులు పట్టేది. అప్పటికి ధర మారిపోయేది. మళ్లీ కొటేషన్లు. జనవరి దాకా ముప్పై ఎనిమిది కుటుంబాలూ టమాటా లేకుండానే బతికాయి. 'పిల్లలలో సహనము పెంపొందినది' అని నేను నివేదిక రాశాను. అది బాగుందని జోగినాథం గారు ఫోన్ చేసి మెచ్చుకున్నారు.

రెండో చిక్కు అనుకోని ఖర్చులది. నెలకోసారి పిల్లలు ఒక్కొక్కరూ డబ్బాలోంచి చీటీ తియ్యాలి. గ్యాసు పొయ్యి చెడింది, స్నేహితుడి పెళ్లి, ఇలా ఉంటాయి. షేక్ కాశింబీ తీసిన చీటీలో 'నాయనమ్మకు జ్వరము' అని ఉంది.

కాశింబీ మూడో బెంచీ పిల్ల. సన్నగా ఉంటుంది, తక్కువ మాట్లాడుతుంది. వాళ్ల నాన్న లేడు. అమ్మ మీరాబీ పొగాకు గోడౌన్లో గ్రేడింగ్ పనికి వెళుతుంది. ఆకుల్ని రకాలవారీ వేరుచేసి కట్టలు కట్టే పని. సీజన్లో ఆరు నెలలు ఉంటుంది, మిగతా ఆరు నెలలు ఉండదు.

"బస్సు చార్జీల్లో ఆరొందలు మిగిలినయ్ సార్. మందులకి పెడతా" అంది.

"పద్దు మార్చకూడదమ్మా. రవాణా డబ్బు వైద్యానికి వాడాలంటే జిల్లా అనుమతి కావాలి."

"అనుమతి వచ్చిందాకా జొరం ఆగుద్దా సార్?"

నియమావళి తిరగేశాను. జ్వరం ఆగాలా వద్దా అన్నది ఎక్కడా లేదు. అనుమతి పంతొమ్మిదో రోజున వచ్చింది. అప్పటికి ఆ పిల్ల కాగితం మీదే నాయనమ్మకి తడిగుడ్డ వేసి, మిరియాల కషాయం పోసి, నయమైనట్టు రాసేసి, ఆరొందలూ పక్కన పెట్టేసింది. నేను పుస్తకం మూసి మిగతా పిల్లల లెక్కల్లో పడ్డాను.

మార్చి రెండో వారంలో అసలు ఉత్తర్వు వచ్చింది. మార్చి ముప్పై ఒకటి సాయంత్రం అయిదు గంటలలోపు ప్రతి విద్యార్థీ తనకిచ్చిన ఎనభై వేలూ నూటికి నూరు శాతం వ్యయం చేయవలెను. మిగులు చూపినవారు 'వ్యయ అసమర్థులు'గా పరిగణింపబడుదురు. వారికి సర్టిఫికెట్ ఇవ్వబడదు.

ఎందుకండీ ఇలా అని హేమసుందరి గారి గదిలోంచి జోగినాథం గారికి ఫోన్ చేశాను.

"శేషగిరిరావు గారూ, మిగిలిందంటే ఏమిటర్థం? అవసరము లేకపోయినా అడిగారని. అవసరము ఉండి ఖర్చు పెట్టలేదంటే చేతకాలేదని. ఈ రెండింటిలో ఏది మన పిల్లలకు శోభ? నా సర్వీసులో ఒక్క రూపాయి మిగిల్చి ఎరుగను" అన్నారు.

నేనూ మిగిల్చి ఎరుగను. ఆ ఒక్క విషయంలో మేమిద్దరం సమానమే కాబట్టి ఫోన్ పెట్టేశాను.

ఇక చూడండి. టమాటాలకి తొమ్మిది రోజులు పట్టించిన నియమావళే, నూట రెండో పేజీలో 'ఆర్థిక సంవత్సరాంత అత్యవసరము' కింద కొటేషన్లు లేకుండా ఎంత పెద్ద వస్తువైనా కొనవచ్చంది. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు నేను అదే పిల్లలకి చదివి వినిపించాను. తరగతిలో ముప్పై ఏడు మంది ఎగిరి గంతేశారు. సోఫాలు, ఏసీలు, ఒక పడవ, గుర్రం. మణిదీప్ అనే కుర్రాడు మూడు ఫ్రిజ్‌లు కొన్నాడు.

"మూడెందుకురా?"

"ఒకటి కూరగాయలకి, ఒకటి నీళ్లకి, ఒకటి మార్చికి సార్."

వాడికి నేను పదికి పది వేశాను. లోపల ఎక్కడో కొంచెం సిగ్గేసింది. వాడు అచ్చం నాలాగే మాట్లాడాడు.

కాశింబీ మాత్రం ఏమీ కొనలేదు. ఆ పిల్ల నెలకి పన్నెండు వేల రెండొందలు వాడుకుని, మిగతాది దాచింది. మొత్తం ముప్పై ఒక్క వేల రెండు వందలు. నోట్లని నంబర్ల వరసలో పేర్చి, పాత జాకెట్ గుడ్డలో చుట్టి పెట్టుకుంది.

"ఏదో ఒకటి కొనమ్మా. నీకు నచ్చింది" అన్నాను.

"మరి ఏప్రిల్లో ఏం తినాల సార్?"

"ఏప్రిల్ లేదమ్మా. పథకం మార్చితో అయిపోతుంది."

"పథకం అయిపోతే ఏప్రిల్ రాదా సార్? జీతం నాలుగు నెలలే ఇస్తామన్నారు గదా. మాయమ్మకి పనిలేని నెలలు ఎట్టా ఉంటాయో నాకు తెలుసు. ముందే తీసిపెట్టుకోకపోతే అప్పుకి పోవాల."

తరగతి గదిలో ఉన్నాం కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ మాటకి మా సోలారు యంత్రం మీద కూలబడి ఉండేవాణ్ణి.

మర్నాడు మీరాబీ వచ్చింది. గోడౌన్ నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతులు పొగాకు పసరుకి నల్లగా ఉన్నాయి. స్టాఫ్ రూము గుమ్మంలోనే నిలబడింది.

"డబ్బు కాజేసిందని పేరు తీసేస్తారని విన్నా గానీ, మిగిల్చిందని తీసేస్తారని ఇప్పుడే ఇంటన్నా సార్. పదో తరగతిలో పేరు లేదంటే ఇంటికాడ ఒక్కదాన్నే కూచోబెట్టి నేను పనికి పోలేను. సోమారం నుంచి నాతో గోడౌనుకి తీసుకుపోతా. ఆ చెయ్యేదో ఆకులు ఏరుద్ది."

"అంత మాట అనకమ్మా. నేను చూస్తాను."

"మీరు చూస్తానంటే నమ్ముతా సార్. మీరు పెద్ద చదువు చదివినోళ్లు" అంది. ఆమె దండం పెట్టబోతే నేను కుర్చీలోంచి లేచిపోయాను. నా ముఖం చూసి ఎవరైనా నమ్మడం, బ్యాంకువాళ్లు కాకుండా, అదే మొదలు.

మార్చి ముప్పై ఒకటి సాయంత్రం నాలుగున్నర అయింది. కాశింబీ ఏమీ కొనలేదు. గుడ్డమూట మాత్రం పద్ధతిగా నా బల్లమీద అప్పగించి, 'నిలవ 31,200' అని చీటీ పెట్టి ఇంటికి వెళ్లిపోయింది. నేను కాసేపు ఆ చీటీ వంక చూశాను. తర్వాత బిల్లు పుస్తకం తీశాను. 'డబుల్ డోర్ ఫ్రిజ్, ఒకటి, రూ. 31,200' అని రాసి, ఆ పిల్ల పేరు రాసి, కింద నేను సంతకం పెట్టాను. అవసరంలేనివి కొనడంలో నా చెయ్యి తిరిగిన చెయ్యి. ఎక్కడా తడబడలేదు.

జిల్లా మొత్తానికి నూటికి నూరు శాతం వ్యయం అయిందని పైకి నివేదిక వెళ్లింది. ఏప్రిల్ పదో తారీఖున మా బడిలోనే సర్టిఫికెట్ల సభ పెట్టారు. జోగినాథం గారు మైకు ముందు నిలబడి పట్టీ చదువుతూ కాశింబీ పేరు దగ్గర ఆగారు.

"ఈ బాలిక ఆఖరి అరగంటలో ముప్పై ఒక్క వేల పైచిలుకు వ్యయము చేసినది! సంక్షోభ సమయములో తీసుకున్న ఈ సత్వర నిర్ణయము ఆదర్శప్రాయము. అమ్మాయీ, ఫ్రిజ్ ఎట్లా ఎంచుకున్నావో నీ తోటివారికి చెప్పు."

కాశింబీ మైకు దగ్గరికి వెళ్లింది. మొదట అర్థంకానట్టు చూసింది. తర్వాత నా వంక చూసింది. నేను నేల వంక చూశాను.

"ఫ్రిజ్ నేను కొనలేదు సార్. నేను డబ్బులు దాచిపెట్టమని శేషగిరి సార్‌కి ఇచ్చిపొయ్యా."

ఈలలు, చప్పట్లు. పిల్లలకి మాత్రం అది ఆరోజు కార్యక్రమంలో అన్నిటికంటే నచ్చింది.

పావుగంటలో విచారణ మొదలైంది. హెడ్మాస్టరమ్మ గదిలో జోగినాథం గారు కుర్చీలో, హేమసుందరి గారు పక్కన, నేను నిలబడి, కాశింబీ గుమ్మం దగ్గర.

"ఇప్పుడు రెండు మార్గములు ఉన్నవి. మొదటిది. ఈ బిల్లు బోగస్, ఫ్రిజ్ కొనబడలేదు. అట్లయితే సొమ్ము మిగులు, బాలిక వ్యయ అసమర్థురాలు, సర్టిఫికెట్ రద్దు. మీకు హెచ్చరికతో సరి" అన్నారు.

"రెండోదండీ?"

"ఫ్రిజ్ కొనబడినది, కొన్నది మీరు. విద్యార్థిని సొమ్మును స్వప్రయోజనమునకు మళ్లించితిరి. అట్లయితే వ్యయము వ్యయమే. ఎవరు చేశారన్నది క్రమశిక్షణకు సంబంధించిన విషయము, అయినదన్నది గణాంకములకు సంబంధించిన విషయము. బాలిక సర్టిఫికెట్‌కు భంగము లేదు. కాకపోతే ఆ మొత్తము మీ జీతము నుండి పన్నెండు వాయిదాలలో రికవరీ చేయవలసి యుండును."

"అవి కాగితం నోట్లండీ!" అన్నారు హేమసుందరి గారు.

"అమ్మా, వాటి మీద నంబరున్నది, సీలున్నది, విలువ అచ్చయి ఉన్నది. ఈ మూడు ఉన్న దేనికైనా ఆడిట్‌కు సమాధానము చెప్పవలె. కాగితము కాని డబ్బు ఏదమ్మా?"

ఆ చివరి మాటలో నిజముందేమోనని నాకు అనుమానం వచ్చింది. నా జీతం ఎప్పుడు చేత్తో ముట్టుకున్నాను గనక? గుమ్మం దగ్గర కాశింబీ నిలబడి ఉంది. సోమవారం ఆ పిల్ల గోడౌన్లో తల్లి పక్కన కూర్చుని ఆకులు ఏరుతున్నట్టు ఒక్క క్షణం కనిపించింది.

"ఫ్రిజ్ నేనే కొనుక్కున్నానండి" అన్నాను.

"ఎందుకు?"

"చల్లటి నీళ్లకి."

గొంతు వణికింది. త్యాగం చేస్తున్నాననే ఉద్వేగం కాదు. ముప్పై ఒక్క వేల రెండొందల్ని పన్నెండు వాయిదాలు చేస్తే నెలకెంతో మనసులో లెక్క తేలక వణికింది. జోగినాథం గారు అక్కడికక్కడే ఉత్తర్వు రాసి, చదివి, నాచేత సంతకం పెట్టించుకుని, వెళ్లేముందు నా భుజం తట్టారు. "సంపూర్ణ వ్యయము. బాగున్నది" అన్నారు.

బయట వరండాలో కాశింబీ ఆగి ఉంది. చేతిలో సర్టిఫికెట్ ఉంది. ముఖం మాత్రం కందగడ్డలా ఉంది.

"మీరు అబద్ధం రాశారు సార్."

"రాశానమ్మా."

"మళ్లా ఇప్పుడు ఇంకోటి చెప్పారు."

"చెప్పాను. మీ అమ్మకి మాటిచ్చాను."

చెప్పు కొసతో నేలమీద గీస్తూ నిలబడింది. కృతజ్ఞతలు చెబుతుందేమో, చెబితే 'ఫర్వాలేదమ్మా' అనాలని నేను సిద్ధంగా ఉన్నాను.

"నెలకి రెండు వేల ఆరొందలు కోస్తారు సార్, సంవత్సరం. ఏది తగ్గించుకుంటారు?"

సొసైటీలో ఇంకో లోను అడుగుతానని నాలిక చివరిదాకా వచ్చింది. అనలేకపోయాను. ఏది తగ్గించుకుంటావని ఇరవై రెండేళ్లలో నన్నెవరూ అడగలేదు, అడగబోతే మా ఆవిడని అడగనిచ్చిందీ లేదు. కాశింబీ నా ముఖం చూసి, సంచీలోంచి నోటుబుక్కు తీసి వరండా మెట్టు మీద కూర్చుంది. పేజీ మధ్యలో నిలువుగా గీత గీసింది.

"జీతమెంత సార్?"

అటూ ఇటూ చూసి చెప్పాను. రాసుకుంది.

"ఇప్పుడు అప్పులు చెప్పండి. ఒక్కటి కూడా దాచబాకండి, లెక్క కుదరదు."

మెట్టు మీద ఆ పిల్ల పక్కన చతికిలబడ్డాను. సొసైటీ లోను చెప్పాను. పీఎఫ్ చెప్పాను. గాజులు చెప్పాను. నాలుగోది చెప్పేసరికి పేజీ నిండింది. ఆ పిల్ల పేజీ తిప్పి, పెన్ను పట్టుకుని ఎదురుచూసింది.

"అయిపోయినయ్యా సార్?"

అయిపోయాయనే అనబోయాను. ఆగి, మా కనకవల్లికి కూడా ఇప్పటిదాకా చెప్పని అయిదోది చెప్పేశాను.